ఎంత ఇస్తున్నారన్నది సరే, ఎలా ఇస్తున్నారు?

ఫిబ్రవరి రెండో వారం దాటిందంటే మన రెండు రాష్ట్రాల్లోని స్వచ్ఛంద సంస్థలకు కంపెనీల నుంచి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మా దగ్గర ఒక పాతిక లక్షలు ఉన్నాయి, మార్చి 31లోపు ఖర్చు చూపించగలరా?" అని. కాదంటే వచ్చే ఏడాది ఆ కంపెనీ తమ వైపు చూడదేమోనన్న భయంతో సంస్థ సరేనంటుంది. నలభై రోజుల్లో పాతిక లక్షలు ఖర్చు కావాలంటే వస్తువులు కొనడం తప్ప దారి లేదు. ట్యాబులు, బెంచీలు, స్కూల్ బ్యాగులు, డిజిటల్ బోర్డులు వస్తాయి. పిల్లలకు చదవడం నేర్పే మనిషిని వెతికి, శిక్షణ ఇచ్చి, ఏడాది పొడవునా జీతమిచ్చి నిలబెట్టడం ఆ నలభై రోజుల్లో అయ్యే పని కాదు. ఆ బడికి నిజంగా కావలసింది ఆ మనిషే అయినా సరే, డబ్బు వచ్చిన తీరు ట్యాబులనే ఎంచుకుంటుంది.

ఈ పోస్టు డబ్బు ఇచ్చే వైపు ఉన్నవాళ్ల కోసం. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు, కుటుంబ ట్రస్టులు, పై దేశాల్లో ఉండి సొంతూరికి ఏదైనా చేద్దామనుకునేవాళ్లు చదవాలని రాస్తున్నాను. ఇచ్చేది పది లక్షలైనా పది కోట్లైనా, అది ఎప్పుడు చేరుతుంది, ఎన్ని విడతల్లో వస్తుంది, ఏ ఖర్చును ఒప్పుకుంటుంది, ఎలా ముగుస్తుంది అన్న నాలుగు విషయాల్లోనే సగం ఫలితం తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

మార్చి సంగతి ముందు చూద్దాం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. "మార్చి దాటితే ఈ డబ్బు మా చేతిలో ఉండదు" అని చాలామంది సీఎస్ఆర్ మేనేజర్లు నమ్ముతారు. 2021 జనవరిలో మారిన నియమాలు అలా చెప్పడం లేదు. ఒక పనిని 'కొనసాగే ప్రాజెక్టు'గా బోర్డు ఆమోదిస్తే, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయించి ఇంకో మూడేళ్ల వరకు నడపవచ్చు. ఆ ఏడాది మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోగా 'అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతా'లో వేసి, తరువాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో అదే పనికి వాడుకోవచ్చు. మొదట ఏడాది పనిగా ఆమోదించినదాన్ని కూడా, తగిన కారణం రాసుకుని బోర్డు పొడిగించవచ్చు. ఇలా చేయనప్పుడే మిగిలిన డబ్బు ఆరు నెలల్లో షెడ్యూల్ 7 (చట్టం ఒప్పుకునే సీఎస్ఆర్ పనుల జాబితా)లోని ప్రధానమంత్రి సహాయనిధి లాంటివాటికి వెళ్లాలి. కాబట్టి సీఎస్ఆర్ మేనేజర్ చేయాల్సిన పని ఏడాది మొదట్లోనే ఉంది. సీఎస్ఆర్ కమిటీ వార్షిక ప్రణాళిక తయారు చేసేటప్పుడే ప్రాజెక్టు పేరు, ఎన్నేళ్లు, ఏ ఏడాదికి ఎంత అన్నది రాయించి బోర్డు చేత ఒప్పించుకోవాలి. ఆ ఒక్క తీర్మానం ఉంటే ఫిబ్రవరి ఫోన్ చేయాల్సిన అవసరమే రాదు.

మార్చి చివర్లో పడిన డబ్బు తీసుకునేవాళ్లకూ తలనొప్పే. ధర్మాదాయ సంస్థలు ఆదాయపన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే తమ లక్ష్యాలకు ఖర్చు చేయాలి. మార్చి 28న ఖాతాలో పడిన గ్రాంటు మూడు రోజుల్లో ఖర్చు కాదు కదా. అప్పుడు సంస్థ గడువులోగా పన్ను శాఖకు విడిగా ఫారం దాఖలు చేసి, దేనికోసం దాచుకుంటున్నదో చెప్పి, ముందుకు తీసుకెళ్లాలి. చిన్న సంస్థలో పార్ట్‌టైం అకౌంటెంట్ ఆ గడువు మరిచిపోతే, ఖర్చు కాని మొత్తం మీద పన్ను కట్టమని నోటీసు వస్తుంది.

ఇక పని క్యాలెండర్, మన పద్దుల క్యాలెండర్ ఒకటి కాదు. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ చివరి వారంలో మూస్తారు. చదువు మీద పనిచేసే సంస్థ మే నెలలో మనుషుల్ని తీసుకుని, జూన్ మొదటి వారంలో శిక్షణ ఇచ్చి, జులైలో పిల్లల స్థాయి చూసుకోవాలి. ఏప్రిల్‌లో దరఖాస్తులు పిలిచి, జులైలో కమిటీ కూర్చుని, సెప్టెంబరులో మొదటి విడత వేస్తే ఏమవుతుంది? మనుషులు కుదిరేసరికి దసరా సెలవులు. ఆ తర్వాత సంక్రాంతి సెలవులు. ఫిబ్రవరి దాటితే పరీక్షల హడావిడి. కాగితం మీద పన్నెండు నెలల గ్రాంటు, తరగతి గదిలో మహా అయితే నాలుగైదు నెలల పని. చదువు గ్రాంటు నిర్ణయం ఫిబ్రవరికల్లా అయిపోవాలి, డబ్బు ఏప్రిల్‌లో చేరాలి. చెరువు పూడికతీత అయితే ఇంకా కచ్చితం. చెరువు అడుగు ఎండి, రైతులు ఒండ్రుమట్టి తోలుకోవడానికి ట్రాక్టర్లతో ఖాళీగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లోనే. నీటిపారుదల శాఖ అనుమతికి పట్టే సమయం కలుపుకుంటే మార్చిలోపు డబ్బు చేతికి రావాలి. జులైలో వచ్చిన పూడికతీత గ్రాంటుతో నీళ్లు నిండిన చెరువు కట్ట మీద నిలబడి చేసేదేమీ ఉండదు.

విడతల దగ్గరికి వద్దాం. మంచి గ్రాంట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కొంచెం నింపాదిగా లెక్క వేస్తాను.

ఏడాదికి 48 లక్షల గ్రాంటు అనుకుందాం. నెల ఖర్చు 4 లక్షలు. ఎంవోయూలో, అంటే దాతకూ సంస్థకూ మధ్య ఒప్పంద పత్రంలో, మామూలుగా కనిపించే షరతు ఇది: 40 శాతం సంతకం పెట్టగానే, 40 శాతం మొదటి విడతలో 80 శాతం ఖర్చయినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) సంతకంతో యూసీ (డబ్బు వాడిన ధ్రువపత్రం) ఇచ్చాక, మిగిలిన 20 శాతం తుది నివేదిక తర్వాత. మొదటి విడత 19.2 లక్షలు. అందులో 80 శాతం అంటే 15.36 లక్షలు. నాలుగో నెల చివరికి 16 లక్షలు ఖర్చయి ఆ గీత దాటుతుంది. ఆ నెల పద్దులు ముగించడానికి పది రోజులు. సీఏ ఓచర్లు చూసి సంతకం పెట్టడానికి రెండు వారాలు. కంపెనీ సీఎస్ఆర్ టీమ్ ప్రశ్నలు, జవాబులు ఇంకో రెండు వారాలు. వాళ్ల ఫైనాన్స్ విభాగంలో చెల్లింపుల వరస రెండు వారాలు. ఎవరూ తప్పు చేయకపోయినా, ఎవరూ ఆలస్యం చేయకపోయినా దాదాపు ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో కావలసింది 8 లక్షలు, చేతిలో మిగిలింది 3.2 లక్షలు. ఐదో నెల జీతాలే పూర్తిగా పడవు. ఆ నెలలోనే బాగా పనిచేసే ఇద్దరు ముగ్గురు వేరే ఉద్యోగం చూసుకుంటారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు మళ్లీ శిక్షణ. ఆరు నెలల సమీక్షలో కంపెనీ "లక్ష్యాలు ఎందుకు వెనకబడ్డాయి" అని అడుగుతుంది. వెనకబడింది వాళ్లు పెట్టిన షరతు వల్లేనని చెప్పే ధైర్యం సంస్థకు ఉండదు.

అదే డబ్బును ఇలా ఇచ్చి చూడండి. మొదటి విడత 50 శాతం, అంటే 24 లక్షలు. అందులో 60 శాతం ఖర్చు కాగానే రెండో విడత అడగవచ్చని రాయండి. 14.4 లక్షలు నాలుగో నెల మధ్యలోనే ఖర్చవుతాయి, చేతిలో ఇంకా 9.6 లక్షలు ఉంటాయి. అది రెండు నెలల పన్నెండు రోజుల ఖర్చు. ఎనిమిది వారాల కాగితాల పని జీతాలు ఆగకుండానే పూర్తవుతుంది. మధ్యలో అడిగే లెక్క అకౌంటెంట్, కార్యదర్శి సంతకాలతో సాదా ఖర్చుల పట్టిక అయితే చాలు. సీఏ సంతకంతో యూసీ ఏడాదికి ఒకసారి, వార్షిక ఆడిట్‌తో కలిపి తీసుకోండి. ఇచ్చిన డబ్బు ఆమోదించిన పనికే, ఆమోదించిన పద్ధతిలోనే వాడారని బోర్డు సంతృప్తి పడాలని, ఆ మేరకు కంపెనీ ఫైనాన్స్ అధిపతి ధ్రువీకరించాలని సీఎస్ఆర్ నియమాలు అడుగుతాయి. ప్రతి పెట్రోలు బిల్లు జిరాక్సూ మూడు నెలలకోసారి పంపమని ఆ నియమాల్లో లేదు. అది కంపెనీల అలవాటు.

చివరి 20 శాతం పట్టి ఉంచడం మరీ హాని చేస్తుంది. 9.6 లక్షలు సంస్థ ముందు ఖర్చు పెట్టి, తర్వాత అడగాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? లాభం లేని సంస్థకు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ దొరకదు. ఇంకో దాత గ్రాంటు నుంచి సర్దుతారు. అది ఆ దాతతో ఒప్పందం ఉల్లంఘించడం. విదేశీ విరాళాల ఖాతా నుంచి సర్దితే మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ డబ్బును స్థానిక డబ్బుతో కలపడానికి వీల్లేదు. ఏ దురుద్దేశం లేకుండానే ఆడిట్‌లో ఎర్రగీత పడుతుంది. పట్టి ఉంచి తీరాలంటే 5 శాతం దాటకండి. లేదా తుది నివేదికను రెండో ఏడాది మొదటి విడతకు ముడిపెట్టండి.

జీతాల లెక్క. ఎంవోయూలో "ఫీల్డ్ వర్కర్లు 10 మంది, నెలకు 15,000 చొప్పున" అని ఉంటుంది, అంటే ఏడాదికి 18 లక్షలు. కానీ ఇరవై మంది పైన ఉద్యోగులున్న సంస్థ చట్టప్రకారం నడవాలంటే ఒక్కొక్కరి మీద ఇంకా ఏమేం పడతాయో చూడండి. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, దానితో పాటు బీమా, నిర్వహణ ఛార్జీలు చెరో అర శాతం, మొత్తం 13 శాతం: 1,950 రూపాయలు. ఈఎస్ఐ 3.25 శాతం: 488. గ్రాట్యుటీకి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పక్కన పెట్టాలంటే నెలకు 4.81 శాతం: 722. మొత్తం 18,160. ఏడాదికి ఒక్కొక్కరికి 37,920, పది మందికి 3,79,200 రూపాయలు బడ్జెట్‌లో లేవు. అప్పుడు సంస్థ ముందు మూడే దారులు. ఉద్యోగులను 'వాలంటీర్లు' అని రాసి గౌరవ వేతనం అనడం, యజమాని వాటాను కూడా వాళ్ల 15,000 లోంచే కోయడం, లేదా పది మంది పని ఎనిమిది మందితో చేయించడం. మూడూ మన గ్రామీణ సంస్థల్లో రోజూ జరుగుతున్నవే. "జీతాలు మొత్తం గ్రాంటులో 30 శాతం దాటకూడదు" అన్న నిబంధన ఇంకా అన్యాయం. చదువు, ఆరోగ్యం, మహిళా సంఘాలు, కౌమార బాలికల పని, వీటన్నిటిలో మనిషే కార్యక్రమం. ఆ ఖర్చును 30 శాతానికి కుదిస్తే మిగిలిన 70 శాతంతో మళ్లీ వస్తువులే కొంటారు.

పెట్రోలు ఖర్చు చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏజెన్సీ మండలంలో ఫీల్డ్ వర్కర్ రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు తిరిగితే 880 కిలోమీటర్లు. గుట్ట దారుల్లో బండి లీటరుకు 45 ఇస్తే దాదాపు 20 లీటర్లు కావాలి. మన రాష్ట్రాల ధరల్లో రెండు వేల పైమాటే. బడ్జెట్‌లో "స్థానిక ప్రయాణం నెలకు 1,000" అని ఉంటే వర్కర్ ఏం చేస్తాడు? రోడ్డు పక్కనున్న ఊళ్లకు వారానికి రెండుసార్లు వెళ్తాడు, గుట్ట మీది గూడేనికి నెలకోసారి వెళ్తాడు. నివేదికలో సందర్శనల సంఖ్య సరిగ్గానే ఉంటుంది. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న గూడెం మాత్రం జారిపోతుంది.

ఓవర్‌హెడ్స్ (ఆఫీసు, పద్దులు లాంటి ఉమ్మడి నిర్వహణ ఖర్చులు) మీద ఉన్నంత అపోహ ఇంక దేని మీదా లేదు. "చట్టం 5 శాతమే ఒప్పుకుంటుంది" అని కంపెనీలు సంస్థలకు చెబుతుంటాయి. నియమాల్లోని ఆ 5 శాతం కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగపు సాధారణ నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద పరిమితి. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, నడపడానికి, పర్యవేక్షించడానికి, అంచనా వేయడానికి నేరుగా అయ్యే ఖర్చును ఆ నిర్వచనంలోంచి స్పష్టంగా మినహాయించారు. ప్రాజెక్టు చేసే సంస్థ నెత్తిన ఆ పరిమితి రుద్దడానికి ఆధారం లేదు. విదేశీ విరాళాల చట్టం వేరు. అక్కడ 2020 సవరణతో పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, అది సంస్థకే వర్తిస్తుంది. అయితే అక్కడ కూడా ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం పరిపాలన కిందికి రావు. ఈ రెండు చట్టాలనూ కలగాపులగం చేసి మాట్లాడేవాళ్లు చాలామంది.

లెక్కగా చెబితే ఇంకా తేలిక. ఏడాదికి కోటి రూపాయల పని చేసే సంస్థ. 80 లక్షలు నేరుగా ప్రాజెక్టుల మీద. 20 లక్షలు అందరికీ ఉమ్మడి: అకౌంటెంట్, ఆడిట్ ఫీజు, ఆఫీసు అద్దె, కరెంటు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, డైరెక్టరు జీతం, రిజిస్ట్రేషన్ల రెన్యువళ్లు. నలుగురు దాతలు తలా 20 లక్షల ప్రాజెక్టు ఖర్చు ఇస్తున్నారు. ముగ్గురు దాని మీద 5 శాతం, ఒకరు 10 శాతం ఓవర్‌హెడ్ ఇస్తే వచ్చేది 5 లక్షలు. లోటు 15 లక్షలు. ఆ లోటు గాలిలో కలిసిపోదు. అకౌంటెంట్ వారానికి రెండు రోజులే వస్తాడు, పద్దులు ఆలస్యమవుతాయి, యూసీ ఆలస్యమవుతుంది, మీ రెండో విడత ఆలస్యమవుతుంది. డైరెక్టరు జీతాన్ని ముక్కలు చేసి నాలుగు ప్రాజెక్టుల్లో 'కోఆర్డినేటర్' పేరుతో పెడతారు. దాత అడిగినా సంస్థ నిజం చెప్పలేని స్థితి మనమే తెచ్చిపెట్టినట్టు.

ఇక్కడ శాతం దేని మీద అన్నది తప్పకుండా రాయాలి. పై సంస్థ ఓవర్‌హెడ్ మొత్తం ఖర్చు మీద చూస్తే 20 శాతం, నేరు ఖర్చు మీద చూస్తే 25 శాతం. మాట్లాడేటప్పుడు ఒక లెక్క, ఎంవోయూలో ఇంకో లెక్క రాసుకుని రెండు పక్షాలూ గొడవ పడటం మామూలే. అందరికీ ఒకే శాతం పెట్టడమూ సరికాదు. భారతదేశంలో నలభై సంస్థల పద్దులను బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ పరిశీలిస్తే ఈ ఖర్చు 5 శాతం నుంచి 51 శాతం దాకా కనిపించింది. అన్నదానం చేసే సంస్థకు, బాలికల మీద హింస కేసుల్లో న్యాయసహాయం చేసే సంస్థకు ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది? గత రెండేళ్ల ఆడిట్ చేసిన పద్దులు తీసుకుని, ఉమ్మడి ఖర్చులో మీ ప్రాజెక్టు వాటా ఎంతో సంస్థతో కలిసి కూర్చుని లెక్కకట్టండి. ఒక మధ్యాహ్నం పని అది.

యంత్రాలకు, కట్టడాలకు ఇచ్చే గ్రాంట్లలో నిర్వహణ ఖర్చు లేకపోవడం మన ఊళ్లలో కళ్లముందే కనిపిస్తుంది. ఆర్వో ప్లాంటునే తీసుకోండి. షెడ్డు, యంత్రం, ట్యాంకు, ప్రారంభోత్సవం, శిలాఫలకం అన్నీ గ్రాంటులో ఉంటాయి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు, రెండు మూడేళ్లకు మార్చాల్సిన మెంబ్రేన్లు, కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, బయటికి పోయే ఉప్పునీళ్లకు దారి, ఇవి మాత్రం ఉండవు. "క్యాన్‌కు ఐదు రూపాయలు వసూలు చేసుకుంటారు కదా" అంటారు. రోజుకు 200 క్యాన్లు పోయే పెద్ద ఊళ్లో నెలకు 30,000 వస్తుంది, నడుస్తుంది. 40 క్యాన్లు పోయే చిన్న ఊళ్లో నెలకు 6,000. ఆపరేటర్ జీతానికే చాలదు. మెంబ్రేన్ మార్చాల్సిన రోజున ప్లాంటుకు తాళం పడుతుంది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లో ఆ తాళం అంటే జనం మళ్లీ బోరు నీళ్లు తాగడమే. సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. రిజిస్టర్ అయిన సంస్థ, లబ్ధిదారుల సంఘం, లేదా ప్రభుత్వ సంస్థ పేరున ఉండాలని నియమం. కాబట్టి మీటరు ఎవరి పేరున, బిల్లు ఎవరు కడతారు, ఐదేళ్ల సర్వీసు కాంట్రాక్టు ఖర్చు ఎవరిది అన్న ముక్క పంచాయతీ తీర్మానంలో రాయించాకే పునాది తీయాలి. చిన్న ఊరికి నిర్వహణ సొమ్ము గ్రాంటులోనే పెట్టాలి. అది వీలుకాకపోతే అక్కడ ప్లాంటు పెట్టకపోవడమే మేలు.

పద్దుల మధ్య సర్దుబాటుకు కొంత వెసులుబాటు ఇవ్వండి. చాలా ఎంవోయూల్లో ఒక పద్దు నుంచి ఇంకోదానికి 10 శాతం దాటితే ముందస్తు అనుమతి కావాలి, ఆ అనుమతికి నెల పడుతుంది. దాన్ని 25 శాతం చేస్తే సగం ఉత్తరాలు తగ్గిపోతాయి. విపత్తు క్లాజు కూడా ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు అక్కడి సంస్థల సిబ్బంది పుస్తకాల సంగతి పక్కనపెట్టి ముందు తిండి, నీళ్లు అందించాల్సి వచ్చింది. విపత్తు సహాయం షెడ్యూల్ 7లో ఉన్నదే. "విపత్తు వస్తే గ్రాంటులో 15 శాతం వరకు ఈమెయిల్ ద్వారా తెలిపి సహాయానికి మళ్లించవచ్చు" అన్న వాక్యం మొదటే ఆమోదించిన ప్రాజెక్టులో ఉంటే, వరద రోజున ఎవరూ ఎవరి సంతకం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంకా పెద్ద మనసున్నవాళ్లు ప్రాజెక్టుతో ముడిపెట్టకుండా సంస్థకే ఇవ్వవచ్చు. ఫోర్డ్ ఫౌండేషన్ 'బిల్డ్' పేరుతో వంద కోట్ల డాలర్లను ఐదేళ్ల గ్రాంట్లుగా, ఎక్కువ స్వేచ్ఛతో ఇచ్చింది. కుటుంబ ట్రస్టులకు సీఎస్ఆర్ నియమాల బంధనాలు లేవు. అందుకే ఈ పని మొదట చేయాల్సింది వాళ్లే అనిపిస్తుంది.

నివేదికల గురించి ఎక్కువ చెప్పను. నలుగురు దాతలు, మూడు నెలలకోసారి, నాలుగు వేర్వేరు ఎక్సెల్ ఫార్మాట్లు అంటే ఏడాదికి 16 నివేదికలు. ఒక్కోదానికి నాలుగు రోజులు వేసుకున్నా 64 పనిదినాలు, ఒక మనిషి మూడు నెలల శ్రమ. సంస్థ సొంత వార్షిక నివేదిక, ఆడిట్ పద్దులు తీసుకుని, వాటి మీద మీకు కావలసిన ఐదు ప్రశ్నలు అడగండి. పైగా, ప్రభావ అంచనాను చట్టం అడిగేది మూడేళ్ల సగటున పది కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు చేసిన కోటి, ఆపై ప్రాజెక్టులకే. పదిహేను లక్షల ప్రాజెక్టు మీద నాలుగు లక్షలు పెట్టి బయటి సంస్థ చేత సర్వే చేయించడం డబ్బు పారబోయడమే. చదువు ప్రాజెక్టుకైతే జులైలో, మార్చిలో ఒక్కో పిల్లను కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, పేరా, కథ వరసలో ఎక్కడిదాకా చదవగలదో చూస్తే చాలు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే పడుతుంది. అమ్మానాన్నలకు కూడా అర్థమయ్యే కొలత అది.

"ఫలితం వచ్చాకే డబ్బు" అనే పద్ధతి ఇప్పుడు బాగా వినిపిస్తోంది. రాజస్థాన్‌లో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి 2018 దాకా ఇలాంటి ఒప్పందం మీదే పనిచేసి, నేర్చుకోవడంలో పెట్టుకున్న లక్ష్యంలో 160 శాతం సాధించింది. ఆ విజయాన్ని అందరూ చెబుతారు కానీ దాని నిర్మాణం చెప్పరు. ముందస్తు పెట్టుబడి యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ పెట్టింది. ఫలితానికి చెల్లించింది చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్. నష్టం వస్తే భరించేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టి సంస్థ నిశ్చింతగా పనిచేయగలిగింది. ఆ మధ్య మనిషి లేకుండా, చేతిలో నెల రోజుల డబ్బు కూడా లేని మండల స్థాయి సంస్థ మీద ఇదే షరతు పెడితే, తేలిగ్గా చదివే పిల్లలున్న బడులనే వాళ్లు ఎంచుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం.

సంస్థకు నిల్వ ఉండాలన్న మాట దాతలకు రుచించదు. సీఎస్ఆర్ డబ్బును కార్పస్‌కు (సంస్థ మూలనిధికి) ఇవ్వడం 2021 నుంచి చెల్లదు. కాబట్టి ఆ పని వ్యక్తులు, కుటుంబ ట్రస్టులే చేయాలి. మూడు నెలల జీతాలంత నిల్వ, విడిగా బ్యాంకు డిపాజిట్‌లో, బోర్డు తీర్మానం లేకుండా తాకకూడదన్న నియమంతో ఉంటే చాలు. పైన చెప్పిన ఐదో నెల జీతాల బాధ అప్పుడు రాదు.

ఇక పై దేశాల్లో ఉన్న మనవాళ్లకు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు ఉన్నా విదేశీయుల కిందే లెక్క. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని ఊరి విద్యా కమిటీ వాళ్ల నుంచి వంద డాలర్లు తీసుకున్నా చట్ట ఉల్లంఘనే. ఇబ్బంది పడేది ఊళ్లోవాళ్లు. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకు పంపి "మా ఊరి కమిటీకి మళ్లించండి" అనడానికీ 2020 సెప్టెంబరు నుంచి వీల్లేదు. మీ జిల్లాలో స్వయంగా పనిచేసే, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థను వెతికి, మీ ఊరి బడిలో పని వాళ్లనే చేయమనాలి. ఎన్నారైల దగ్గర తీసుకునేటప్పుడు సంస్థ పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ తీసి ఫైల్లో పెట్టుకోవాలి. పది మంది స్నేహితులు కలిస్తే స్వాగత ద్వారం కడదామన్న ఆలోచనే ముందు వస్తుంది. ఆ పది మందే నెలకు తలా 5,000 చొప్పున మూడేళ్లు ఇస్తామని రాసిస్తే ఏడాదికి 6 లక్షలు. పై లెక్క ప్రకారం పీఎఫ్, గ్రాట్యుటీతో సహా ఇద్దరు టీచర్లకు 4,35,840 పోను, ప్రయాణానికి, పుస్తకాలకు, శిక్షణకు 1,64,160 మిగులుతుంది.

చివరిగా, వెళ్లిపోయే పద్ధతి. దాతలు వస్తారు, పోతారు, అందులో తప్పు లేదు. ఏప్రిల్‌లో ఫోన్ చేసి "ఈ ఏడాది మా ప్రాధాన్యం మారింది" అనడం మాత్రం చేయకూడదు. మూడేళ్ల గ్రాంటైతే రెండో ఏడాది ముగిసేలోగా, అంటే కనీసం పన్నెండు నెలల ముందు, కొనసాగిస్తారా లేదా రాతపూర్వకంగా చెప్పండి. ఆపేట్టయితే ఒక్కసారి కోయకుండా, ఇస్తున్న మొత్తంలో మొదట 70 శాతం, తర్వాత 40 శాతంగా దించుతూ ఇంకో రెండేళ్లు నడిపితే సంస్థ వేరే దాతను చూసుకోగలదు, లేదా పనిని ప్రభుత్వ శాఖకు అప్పగించగలదు. ఆఖరి ఏడాది బడ్జెట్‌లో సిబ్బంది నోటీసు కాలపు జీతం, చెల్లించాల్సిన గ్రాట్యుటీ, ముగింపు ఆడిట్ ఫీజు అనే మూడు పద్దులు ఉండాలి. అవి ఉన్నాయో లేదో ఎంవోయూ మీద మొదటి సంతకం పెట్టే రోజునే చూసుకోండి, ఎందుకంటే చివర్లో వాటిని చేర్చమని అడిగే స్థితిలో సంస్థ ఉండదు.